ఎండకు సాగునది, చలికి ముడుచుకొనునది

వేడి తగిలిన వస్తువు పెరుగును. చల్లారిన వస్తువు తగ్గును. ఇది బడిపిల్లలు వల్లెవేయు మాట. మేము చదివిన మిషను పాఠశాలలో ఉపాధ్యాయులు ఒక ఇత్తడి గుండును, అది సరిగా దూరునట్టి వలయమొకదానిని చూపుచుండెడివారు. గుండును దీపము మంటపై కాచినచో వలయములో దూరక మీదనే నిలిచెడిది. కొంతసేపటికి చల్లారి తనంతట తానే జారిపడెడిది. పిల్లలందఱకు అది గారడివలె నుండెడిది. ఆ గుండులోని ధర్మమే మన బండిచక్రములోను, పొలమున పఱచిన గొట్టములలోను, పాలకేంద్రపు కొలతలోను, నెత్తిమీదుగా పోవు కరెంటు తీగలోను పని చేయుచున్నది. దానిని లెక్కలోనికి తీసికొనని రైతు నష్టపడుచున్నాడు. ఒక్కొక్కచోట నిర్దోషి దోషియగుచున్నాడు. వ్యవసాయ ప్రదర్శకులముగా గ్రామములు తిరుగునప్పుడు మేము చూచిన సంగతులలో కొన్నింటిని సభ్యుల యెదుట పెట్టుచున్నాము.

మొదట లెక్క. ప్రతి వస్తువును సూక్ష్మములైన కణములతో కూడియున్నది. వేడి యెక్కినకొలది ఆ కణములు ఎక్కువగా కదలాడుచు ఒకదానినుండి యొకటి కొంచెము దూరముగా జరుగును. అన్ని వస్తువులును ఒకే తీరున పెరుగవు. పది మీటర్ల పొడవుగల ఇనుప కడ్డీని పది సెంటిగ్రేడు డిగ్రీలు వేడిచేసినచో 1.2 మిల్లీమీటర్లు పెరుగును. అంతే పొడవుగల ఇత్తడి 1.9, అల్యూమినియము 2.3 మిల్లీమీటర్లు పెరుగును. సిమెంటు కాంక్రీటు ఇంచుమించు 1 మిల్లీమీటరు, సామాన్యపు గాజు 0.9. ఇవన్నియు చిన్న అంకెలే. ప్లాస్టిక్కు జాతిని చూడుడు: పి.వి.సి. గొట్టము 6 మొదలు 8 మిల్లీమీటర్లు, డ్రిప్పునకు వాడు నల్లని పాలిథిలీను గొట్టము 15 మొదలు 20 మిల్లీమీటర్లు. అనగా ఇనుమునకు అయిదారు రెట్లొకటి, పదునైదు రెట్ల వఱకు మఱియొకటి. ఇనుముతో పని నేర్చినవారి చేతికి ప్లాస్టిక్కు వచ్చుటయే నేటి చిక్కులలో సగమునకు కారణమని మా యభిప్రాయము.

మఱియొక మాట. వార్తాపత్రికలో రెంటచింతలలోనో రామగుండములోనో 44 డిగ్రీలని చదువునప్పుడు అది నీడలో గాలి వేడిమి యని గుర్తింపవలెను. ఎండలో పడియున్న ఇనుము 60 డిగ్రీలకు చేరుట వింతకాదు. శీతకాలపు వేకువను అదే ఇనుము 15 డిగ్రీలకు దిగును. కావున మన వస్తువులు ఏటిపొడవున భరించు తేడా 45 డిగ్రీలని పెట్టుకొనవచ్చును.

ఈ ధర్మమును మనదేశములో పుస్తకము లేకయే ఎఱిగినవాడు కమ్మరి. రబ్బరు చక్రముల బండ్లును, ట్రాక్టరు తొట్లును వచ్చిన పిదప కఱ్ఱ చక్రమునకు పట్టా వేయుట చూచినవారు మన యువకులలో అరుదు. చూచిన పెద్దలు మఱవజాలరు. వడ్రంగి కుండలో ఆకులు దిగగొట్టి, వాని కొనలకు పూటీలు తొడిగి చక్రము నిలుపును. అప్పటికి అది వదులుగానే యుండును. చేతితో ఊపిన కదలును. కమ్మరి ఆ చక్రపు చుట్టుకొలత తీసి, ఇనుప పట్టాను దానికంటె కొంచెము చిన్నదిగా వంచి అతుకును. ఎంత చిన్నదిగా అన్నదియే అతని విద్య. తరువాత పట్టాను నేలమీద పఱచి, పైనను క్రిందను పిడకలు పేర్చి నిప్పంటించును. ఇనుము ఎఱ్ఱబారగానే నలుగురు మనుష్యులు పట్టుకాఱులతో ఎత్తి చక్రముపై దించుదురు. పూటీలు భగ్గుమని మండును, పొగ కమ్మును, వెంటనే కుండలతో నీరు గ్రుమ్మరింతురు. పట్టా చల్లారుచు బిగియునప్పుడు పూటీల సందులు మూసికొని, ఆకులు కుండలోనికి దిగి, చక్రమంతయు కిఱకిఱ మూలుగును. మేకు కొట్టి బిగించినది కాదు, జిగురు పూసి అతికినది కాదు. చల్లారుటయే దాని బలము.

అయిదడుగుల చక్రమునకు చుట్టుకొలత 479 సెంటీమీటర్లు. ఇనుము చీకటిలో ఎఱ్ఱగా కనబడుటకు 500 డిగ్రీల వేడిమి కావలెను. ఆ వేడిమికి పట్టా చుట్టుకొలత సుమారు 3 సెంటీమీటర్లు, అనగా అంగుళమునకు పైగా పెరుగును. కమ్మరికి ఈ అంగుళములోపలనే చోటున్నది. మఱీ చిన్నదిగా చేసినచో పట్టా ఎక్కదు. ఎక్కినను ఆకులు వంగి చక్రము గొడుగువలె పొంగును. మఱీ పెద్దదిగా చేసినచో రెండు సంతలు తిరుగకముందే ఊడిపోవును.

వేసవిలో పట్టా వదులైనపుడు రైతు, ఎండకు ఇనుము సాగినదనును. కొంత నిజమే. 15 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు పోవునప్పుడు ఆ పట్టా చుట్టుకొలత రెండున్నర మిల్లీమీటర్లు పెరుగును. కాని దానివలన పట్టాకును కఱ్ఱకును నడుమ ఏర్పడు సందు అర మిల్లీమీటరైనను కాదు. అసలు వదులు కఱ్ఱ ఆరుటవలన వచ్చినది. కఱ్ఱ నిలువు పొడవున ఆరి తగ్గుట స్వల్పము. అడ్డముగా తగ్గుట అధికము. కుండయు పూటీలును అడ్డముగా ఆరి, రెండును కలిసి ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి పోవును. అందుచేతనే చక్రమును చెఱువులో నానబెట్టిన బిగియుచున్నది. నీరు ఇనుమును ముడిచినది కాదు, కఱ్ఱను ఉబ్బించినది. దూరప్రయాణమునకు ముందు ఒక రాత్రి నానబెట్టుట తప్పుకాదు. వారమునకొకసారి నానబెట్టి ఎండబెట్టుచుండిన అతుకులు క్రుళ్లును. పట్టా తీసి కోసి మఱల వేయించుట మేలు. అదియు కఱ్ఱ బాగుగా ఆరియున్న వేసవిలోనే వేయింపవలెను. వానకాలములో తడికఱ్ఱపై వేసిన పట్టా ఫాల్గునమునకే పలుకుట మొదలిడును.

చక్రము సంగతి ఇంత విస్తరించుటకు కారణమున్నది. వేడికి పెరుగుట వేఱు, తడికి ఉబ్బుట వేఱు. రెండును ఎండకాలములోనే మార్పు చూపుటచేత మనవారు రెంటిని కలిపివేయుదురు. నల్లరేగడి నేల బీటలువాఱుట ఎండ వేడిమికి ముడుచుకొనుటచేత కాదు. అందలి బంకమన్ను పొరలలోని నీరు పోవుటచేత. వానలలో తలుపు పట్టివేయుట తడి పని. వడ్లను ఒక్కసారిగా మండుటెండలో ఎండబెట్టి రాత్రి మంచులో వదలివేసిన యెడల గింజ పైపొర యొకతీరున, లోపలిభాగ మొకతీరున తేమను వదలుచు పీల్చుచు నడుమ చీలును. ఆ చీలిక మరకు పోయిన తరువాత నూకలై కనబడును. అప్పుడు మరవానిని తిట్టుకొనుటవలన ప్రయోజనములేదు. నేర్పరియైన రైతు పలుచగా పఱచి, మాటిమాటికి త్రిప్పి, సాయంకాలము కప్పివేయును.

భూమి కొలతలోను ఈ వేడిమి లెక్క గలదు. మన దేశపు మహాసర్వేకు ఆధారరేఖను విలియం లాంబ్టన్ 1802వ సంవత్సరమున చెన్నపట్టణము వద్ద పరంగికొండ సమీపమున కొలిచెను. ఏడున్నర మైళ్ల పొడవు. కొలిచినది నూఱడుగుల ఉక్కు గొలుసుతో. ఎండకు గొలుసు సాగునని ఎఱిగి, దానిని గుడారముల నీడన కఱ్ఱ తొట్లలో పఱచి, ప్రక్కన ఉష్ణమాపకములుంచి, ప్రతి కొలతకును వేడిమిని వ్రాసికొని లెక్క సవరించెను. తరువాతి కాలమున షార్లు ఎదువార్ గియోం అను శాస్త్రజ్ఞుడు 1896లో నికెలు కలిసిన యొక ఉక్కును కనిపెట్టెను. అది వేడికి దాదాపుగా పెరుగదు. దానికి ఇన్వారని పేరు. నికెలు ఉక్కులను గుఱించిన యీ పనికే ఆయనకు 1920లో నోబెలు బహుమానము లభించెను. సర్వే టేపులకు ఆ లోహము ఎంతయో ఉపకరించినది.

సరే, మన గ్రామములలో వాడిన 66 అడుగుల గొలుసు సంగతి యేమి? 30 డిగ్రీల తేడాకు అది పావు అంగుళమునకు కొంచెము పైగా మాత్రమే మాఱును. ఎకరము విస్తీర్ణములో దాని ఫలము మూడున్నర చదరపు గజములు. సెంటు అనగా 48 చదరపు గజములకు పైమాట. కనుక గట్టు జరుపుకొనినవాడు ఆ నెపమును ఎండమీద పెట్టుటకు వీలులేదు.

ఇక గొట్టముల విషయము. ఇందు మా గ్రామస్థుల సొమ్ము ఎక్కువగా పోవుచున్నది గనుక ఓపికతో చదువ ప్రార్థన. బోరు నీటిని మడి చివరకు చేర్చుటకు పి.వి.సి. గొట్టములు పఱచుట వేసవిలోనే జరుగును. పైరు లేని కాలమది, కూలీలు దొరకు కాలమది. మా ఎఱుకలో ఒక రైతు వైశాఖమాసములో మిట్టమధ్యాహ్నమున 300 మీటర్ల గొట్టమును జిగురు పూసి అతికించి, కాలువలో తాడు లాగినట్లు నిటారుగా పఱచి, అప్పుడే మన్ను కప్పించి, సాయంకాలమునకే మోటారు వేసెను. మఱునాటికి మూడుచోట్ల అతుకు ఊడి నీరు పైకి చిమ్మినది. వంపు వద్ద మోచేతిముక్క పగిలినది. గొట్టములు నాసిరకమని అంగడివానితో కలహమునకు దిగెను. గొట్టములు మంచివే. లెక్క చూడుడు. ఎండలో పడియున్న గొట్టము వేడిమి 50 డిగ్రీలు. బోరు నీరు 28 డిగ్రీలు. ఇరువదిరెండు డిగ్రీల చల్లదనమునకు 300 మీటర్ల గొట్టము 46 సెంటీమీటర్లు పొట్టియగును. మూర పొడవు! ఆ మూరను ఎక్కడినుండి తెచ్చుకొనవలెను? మన్ను కప్పి రెండు కొనలు కట్టివేసినందున అతుకులను లాగికొని తెచ్చుకొనెను. జిగురు ఇంకను ఆరలేదు గనుక అవి వదలినవి.

దీనికి చేయవలసిన పని కష్టమైనది కాదు. గొట్టములను వాడునంతవఱకు నీడలో ఉంచవలెను. ఎండలో గుట్టవేసిన యెడల ఒకప్రక్క మాత్రమే కాగి విల్లువలె వంగును. అతికించు పని వేకువనో, ప్రొద్దువాలిన పిదపనో పెట్టుకొనవలెను. జిగురు ఆఱుటకు డబ్బామీద వ్రాసిన వ్యవధి ఇయ్యవలెను. కూలి తొందరలో ఆ వ్రాత చదువువాడు లేడు. కాలువలో గొట్టమును నిటారుగా గాక పాముపోకగా అటునిటు కొంచెము వంపులతో పఱచిన యెడల, ముడుచుకొనునప్పుడు ఆ వంపులు సరియై అతుకులమీద లాగుడు పడదు. గొట్టములో నీరు నింపి చల్లబడిన తరువాత చల్లని వేళ మన్ను కప్పవలెను. రెండు మూడడుగుల లోతున పూడ్చిన గొట్టమునకు పగలు రాత్రి తేడా తెలియనే తెలియదు. నేల దానికి గొడుగు. రబ్బరు వలయము గల గొట్టములకు వేఱు పద్ధతి. ఆరు మీటర్ల గొట్టమొక్కటికి పైలెక్కను 9 మిల్లీమీటర్ల కదలిక గలదు. ఆ కదలికకొఱకే కొన మీద గీత గీసియుందురు. ఆ గీత దాటించి అడుగంట దిగగొట్టుట మన పనివారికి వాడుక. గట్టిగా కూర్చున్నదని వారికి సంతోషము. తరువాత గొట్టము సాగుటకు చోటులేక ప్రక్కకు వంగును.

డ్రిప్పు గొట్టములు ఇంకను చంచలములు. తెల్లవాఱుజామున నిటారుగా నున్న గొట్టము మధ్యాహ్నమునకు పాకుచున్నట్లు కనబడును. వేకువను చెట్టు మొదట బిందువు పడునట్లు బిగించి మేకులు కొట్టిన రైతు మధ్యాహ్నము వచ్చి చూచిన బిందువు జానెడు దూరమున పడుచుండును. పఱచునప్పుడే వదులు వదలి, కొనయందు గాక నడుమ నడుమ మేకులు గ్రుచ్చవలెను. 50 మీటర్ల గొట్టము 20 డిగ్రీలకు 15 మొదలు 20 సెంటీమీటర్ల వఱకు సాగును.

సిమెంటు పనులలో నొక అదృష్టము గలదు. కాంక్రీటును, అందులోని ఇనుప కడ్డీయు ఇంచుమించు ఒకే తీరున పెరుగును. అట్లు గాక కడ్డీ స్థానమున అల్యూమినియము వేసియుండినచో మన మిద్దెలన్నియు మొదటి వేసవికే పగిలెడివి. అయినను కాంక్రీటు పెరుగుట మానదు. 30 మీటర్ల కళ్లమును ఒకే పలకగా పోయించినచో 30 డిగ్రీల తేడాకు 9 మిల్లీమీటర్లు పెరుగజూచును, తగ్గజూచును. తేమ ఆఱుటవలన ముడుచుకొనుట దీనికి అదనము. కాంక్రీటునకు నొక్కుడు ఓర్చుకొను శక్తి గలదు, లాగుడు ఓర్చుకొను శక్తి లేదు. కావున చలిలో బీటలు తీయును. ఆ బీటలలోనే వడ్లు ఇఱుకుకొనును, గడ్డి మొలచును. మూడు మీటర్లకొకటి చొప్పున సందులు విడిచి తారు నింపినచో, పగులవలసినది మనము చెప్పినచోటనే పగులును. పూర్వము రైలు కమ్మీల మధ్య సందులు విడుచుటకును కారణమిదియే: 13 మీటర్ల కమ్మి 40 డిగ్రీలకు 6 మిల్లీమీటర్లు పెరుగును. ఇప్పుడు కమ్మీలను మైళ్లకొలది అతికి, దిమ్మలకు గట్టిగా బిగించి పెరుగనీయకుండ పట్టియుంచుచున్నారు. అందుచేతనే ప్రయాణములో ఆ టకటక శబ్దము తగ్గినది. ఆ బిగింపు ఎక్కడనైన సడలిన కమ్మి ప్రక్కకు వంగును గనుక, మండువేసవిలో కాపలావారు ఎండనబడి కమ్మీల వెంట నడచుచుందురు.

ట్రాక్టరు ఇంజనులో పిస్టను అల్యూమినియముది, సిలిండరు పోత ఇనుముది. పిస్టను రెండింతలు వేగముగా పెరుగును. చల్లగా నున్నపుడు వాని నడుమ వెండ్రుకవాసి సందు విడిచియుందురు. రేడియేటరులో నీరు తగ్గిన యెడల ఆ సందు పోయి పిస్టను పట్టివేయును. అప్పటి తొందరలో మరిగిన ఇంజనుపై చల్లని నీరు గుమ్మరించువారున్నారు. పైభాగము ముడుచుకొనును, లోపలిభాగము పెరిగియే యుండును. పోత ఇనుము పగులును. పొగలు గ్రక్కుచుండగా మూత తీయుటయు ప్రాణాపాయము. నీడన నిలిపి చల్లారనిచ్చి, పిదప కొంచెము కొంచెముగా నీరు పోయవలెను.

ఈ పగులుటనే పనిముట్టుగా చేసికొనినవారును గలరు. దక్షిణదేశమున రాతిపనివారు నల్లబండమీద కట్టెలతో మంట పెట్టి, ఆ మంటను మెల్లమెల్లగా ముందునకు జరుపుచు పోవుదురు. పై పొర కాగి పెరుగును. రాయి వేడిని త్వరగా లోనికి పోనీయదు గనుక క్రింది పొర చల్లగానే యుండును. రెండును ఒకదానినొకటి విడిచి పలక లేచును. సుత్తితో తట్టి, మ్రోతనుబట్టి పొర ఎంతవఱకు విడినదో చెప్పుదురు. మందుగుండు పెట్టిన రాయి తునకలగును. మంట పెట్టిన రాయి పలకగా వచ్చును. లాంతరు చిమ్నీ మీద వానచినుకు పడిన పగులుటయు ఇట్టిదే.

ద్రవములు లోహములకంటె అధికముగా పెరుగును. 200 లీటర్ల డీజిలు పీపా 20 డిగ్రీలు వేడెక్కినచో మూడు లీటర్లకు పైగా పెరుగును. అంచువఱకు నింపి బిగించి ఎండలో పెట్టరాదు. వేకువను కొనిన డీజిలు ఎక్కువ వచ్చునని కొందఱ నమ్మకము. బంకులోని తొట్టి భూమిలోపల నుండుటచేత వేకువకును మధ్యాహ్నమునకును అందలి నూనె వేడిమి అంతగా మాఱదు. ఆ లాభమునకై నిద్ర చెఱుపుకొననక్కఱలేదు. వేరుసెనగనూనె వంటివి సంఘముద్వారా అమ్మునప్పుడు మాత్రము లీటరుతో గాక తూకముతోనే అమ్ముట న్యాయము. వేడికి కొలత మాఱును గాని తూకము మాఱదు.

ట్రాక్టరు టైరులలో గాలి సంగతి ఒక్క మాట. ఉదయము 27 డిగ్రీల వద్ద 15 పౌనులుంచిన గాలి, టైరు 57 డిగ్రీలకు కాగినపుడు 18 పౌనులు చూపును. ఎక్కువైనదని మధ్యాహ్నము తీసివేసినచో మఱునాడు ఉదయమున తక్కువ పడును. చల్లగా నున్నప్పుడే చూడవలెను.

కరెంటు తీగలు వేసవిలో క్రుంగుట సభ్యులందఱును చూచినదే. అరువది మీటర్ల దూరముగల రెండు స్తంభముల నడుమ తీగ ముప్పది డిగ్రీలకు రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే పెరుగును. కాని ఆ కొద్దిపాటి పెరుగుదలకు నడిమి క్రుంగుడు అడుగుకు పైగా అధికమగును. శీతకాలములో గడ్డిబండి సుఖముగా దాటిన చోటనే చైత్రమాసములో మోపు తీగకు తగులుట ఇందుచేతనే. అదే బండి, అదే బాట, అదే తీగ. అయినను ఎత్తు అదే కాదు. మోపు మీద మనుష్యుని కూర్చుండబెట్టి తీగ క్రింద బండి తోలుట ఏ కాలములోనైనను కూడదు. వేసవిలో తీగ తలకందునంతగా క్రుంగిన చోట విద్యుచ్ఛాఖవారికి వ్రాసి, ఆ ఉత్తరపు నకలు సంఘములో దాఖలు చేయవలెను.

చివరకు పాల సంగతి. ఒక గ్రామమున రెండు గేదెలు గల విధవరాలొకతె పాలు పోయుచుండెను. ఆమె ఇల్లు కేంద్రమునకు ప్రక్కనే. పితికిన పాలు పితికినట్లే, నురుగుతో తెచ్చెడిది. గుమాస్తా లాక్టోమీటరు దించగా 27 చూపెను. దూరపు పల్లెలనుండి గంటన్నర తరువాత వచ్చిన వారి పాలు 29, 30 చూపుచుండెను. మూడు దినములు వరుసగా అట్లే జరుగగా నీరు కలిపినదని పదిమంది యెదుట అనిరి. "చుక్క నీళ్లు కలిపితే నా గేదె మీద ఒట్టు బాబూ" అని ఆమె కంట నీరు పెట్టుకొనెను. ఒట్టును వినువారు లేరు. మేము ఆ దినమున అక్కడ నుండుట తటస్థించినది. ఆ పాలనే ఒక గిన్నెలో పోసి, నూతి నీటి బకెట్టులో ఉంచి, గంటసేపు ఆగి 27 డిగ్రీల వద్ద మఱల చూడగా 29 చూపెను. నీరు తగ్గలేదు, పాలు పెరుగలేదు. వేడి తగ్గినది.

మన దేశపు లాక్టోమీటరు 27 డిగ్రీల వేడిమికి గుర్తులు వేసినది. పాలు అంతకంటె వేడిగా నున్నపుడు ఉబ్బి పలుచనగును, గొట్టము లోతుగా దిగును, అంకె తక్కువ పడును. కావున 27కు మించిన ప్రతి డిగ్రీకిని 0.2 చొప్పున కలుపవలెను. తక్కువైన ప్రతి డిగ్రీకి అంతే తీసివేయవలెను. ఆమె పాలు 36 డిగ్రీలు. తొమ్మిది డిగ్రీలకు 1.8 కలుపగా 28.8. అప్పుడే పితికిన పాలలో గాలిబుడగలు మిగిలియుండుటయు, వెన్న ఇంకను గట్టిపడకుండుటయు గూడ అంకెను తగ్గించును. రెండు అంకెల తేడా చిన్నదని యనుకొనరాదు. 29 ఉండవలసినచోట 27 అనగా నూటికి ఏడు పాళ్లు నీరు కలిపినట్లు లెక్క. ఒక మనిషి మాన మర్యాదలు ఆ రెండంకెల మీద నిలిచియున్నవి.

లాక్టోమీటరు ఒక్కటియే తీర్పరి కాజాలదు. వెన్న హెచ్చుగా గల గేదెపాలు నీరు కలుపకున్నను కొంత తక్కువ చూపును. వెన్న తీసి నీరు కలిపిన మోసగాని పాలు చక్కగా 29 చూపును. అందుకే వెన్న పరీక్ష వచ్చినది. గెర్బరు పద్ధతిలో గాజుగొట్టమును 65 డిగ్రీల నీటిలో ఉంచిన పిదపనే అంకె చదువవలెనని నియమము; వెన్నయు వేడికి పెరుగునదే గదా. పెద్ద కేంద్రములలో ఇప్పుడు విద్యుద్యంత్రములు వచ్చినవి. అయినను చిన్న గ్రామములలో లాక్టోమీటరు ఇంకను వాడుకలో నున్నది. దాని ప్రక్కన ఉష్ణమాపకము మాత్రము కనబడదు. అది కొనుట సంఘమునకు భారము కాదు. పాల పుస్తకములో అంకె వ్రాయు గడికి ప్రక్కన వేడిమికొక గడి గీయించి, సవరించిన అంకెను మూడవ గడిలో వ్రాసి సభ్యునికి చూపవలెను. సభ్యులును తమ పాలు కొలుచునప్పుడు వేడిమి యెంతయని అడుగుటకు సంకోచింపరాదు. పాలకవర్గమువారు ఈ విషయమై తీర్మానము చేయుదురేని, ఉదయపు పాలవేళకు వచ్చి కొలుచు విధమును గుమాస్తాలకును సభ్యులకును చూపుటకు మేము సిద్ధముగా నున్నాము.